పేరు మూసినా మనిషి తెలియాలి: వీడ్కోలు సంచికకు సహాధ్యాయుల పదచిత్రాలు రాయడం ఎలా

ఉన్నత పాఠశాల చివరి ఏడాది ముగింపుకు వచ్చేసరికి, తరగతి మొత్తానికీ కలిపి ఒక చిన్న పుస్తకం తేవాలనీ, అందులో ప్రతి ఒక్కరి గురించీ ఒక పేజీ ఉండాలనీ ఎవరో ఒకరు ప్రతిపాదిస్తారు. అందరూ ఉత్సాహంగా తలలూపుతారు గానీ, రాసే పని మాత్రం చివరికి ఇద్దరి ముగ్గురి నెత్తిన పడుతుంది. ఈ మార్గదర్శి ఆ ఇద్దరు ముగ్గురి కోసం.

నేను చదువుకునే రోజుల్లో ఆ పని నా నెత్తిన పడింది. నలభై రెండు మంది గురించి రెండు రాత్రుల్లో రాసి పారేసి, ఏదో ఘనకార్యం చేసినట్టు తిరిగాను. పుస్తకం అచ్చయి వచ్చిన రోజున ఒక స్నేహితురాలు ఒక పేజీ తెరిచి, పైన ఉన్న పేరును బొటనవేలితో మూసి, కింది వాక్యాలను పైకి చదివి, "ఇది ఎవరి గురించో చెప్పు" అంది. "ఎప్పుడూ చిరునవ్వుతో ఉండే మంచి మనసున్న మిత్రుడు, ఏ సాయం అడిగినా కాదనడు" అని ఉంది. రాసింది నేనే అయినా నేను చెప్పలేకపోయాను. లెక్కపెడితే ఆ వాక్యం కాస్త అటూ ఇటూగా పదకొండు పేజీల్లో ఉంది. ఆ తరవాత ఇలాంటి సంచికలకు చేయి సాయం చేసిన ప్రతిసారీ ఆ బొటనవేలి పరీక్షనే కొలబద్దగా పెట్టుకున్నాను. ఇక్కడ చెప్పబోయే మెట్లన్నీ ఆ పరీక్షలో నెగ్గడానికే.

రాయడానికి ముందు: అతిశయోక్తి కాదు, స్వభావోక్తి

అలంకారాల పాఠంలో మనమంతా స్వభావోక్తిని చదువుకున్నాం. ఒక ప్రాణి రూపాన్నీ చేష్టలనూ ఉన్నవి ఉన్నట్టుగా, అయితే మనోహరంగా చెప్పడమే స్వభావోక్తి. చెవులు రిక్కించి, బెదురు చూపులతో నిలిచిన లేడిని వర్ణించే ఉదాహరణలు దీనికి ఇస్తుంటారు. ప్రాచీన సంస్కృత ఆలంకారికుడు దండి తన అలంకార శాస్త్రంలో దీన్నే మొట్టమొదటి అలంకారంగా చెప్పాడు. వీడ్కోలు సంచిక రాసేవాళ్ళు మాత్రం ఈ పాఠాన్ని పక్కన పెట్టి నేరుగా అతిశయోక్తి దగ్గరికి వెళ్ళిపోతారు. దాంతో ప్రతి మిత్రుడూ ఆణిముత్యమే, ప్రతి మిత్రురాలూ తరగతికి వెలుగే అవుతారు. అందరినీ ముత్యాలు చేశాక ఏ ముత్యం ఎవరో చెప్పలేం.

ఇక్కడ ఇంకో ప్రమాదం కూడా ఉంది. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో గ్రీకు తత్త్వవేత్త థియోఫ్రాస్టస్ ముఖస్తుతి చేసేవాడు, వాగుడుకాయ, పిసినారి వంటి 30 రకాల మనుషులను ఒక్కొక్కరిని ఒక్కో చిన్న ఖండికలో చిత్రించాడు. వాళ్ళేం చేస్తారో, ఏమంటారో చూపించే పద్ధతి ఆయన దగ్గర నేర్చుకోదగ్గదే. కానీ ఆయన రాసింది రకాల గురించి, మనం రాయవలసింది మనుషుల గురించి. "తరగతి అల్లరివాడు", "పుస్తకాల పురుగు", "మౌనమూర్తి" అనేవి రకాలు. ఒక సహాధ్యాయిని ఇలాంటి ఒక్క మాటలో బిగించినప్పుడు, ఆ మాటకు ఒదగనిదంతా అతడిలో నుంచి జారిపోతుంది. మనకు కావలసింది సరిగ్గా ఆ జారిపోయేదే.

మొదటి మెట్టు: పట్టిక, పంపకం, అనుమతి

సంచిక చేతికందవలసిన రోజుకు కనీసం ఆరు వారాల ముందు పని మొదలుపెట్టండి. హాజరు పట్టీ చూసి పేర్లన్నీ రాసుకోవాలి తప్ప గుర్తున్నంత వరకు రాయకూడదు, ఎందుకంటే గుర్తుకు రాకుండా పోయే పేర్లే ఈ పుస్తకంలో అందరికంటే ముందు ఉండవలసిన పేర్లు. మధ్యలో వచ్చి చేరినవాళ్ళను, చివరి ఏడాది వేరే బడికి మారిపోయినవాళ్ళను ఏం చేయాలో మొదటి రోజునే తేల్చుకోండి. అందరినీ చేర్చాలనే నేనంటాను, రెండు పేజీలు పెరిగినంత మాత్రాన పుస్తకం మునిగిపోదు.

నలభై మందికి ముగ్గురు రచయితలుంటే ఒక్కొక్కరి వంతుకు పదమూడు, పద్నాలుగు పదచిత్రాలు వస్తాయి. పంచుకునేటప్పుడు ఎవరికి ఎవరంటే బాగా ఇష్టమో వాళ్ళకే ఆ పేరు అప్పగించడం సహజంగా తోస్తుంది గానీ, ప్రాణస్నేహితులు తరచూ చెడగొట్టేస్తారు. "ఆ రోజు మెట్ల దగ్గర జరిగింది మనిద్దరికే తెలుసు" అని రాస్తారు. ఆ వాక్యం ఇద్దరికి తేనె, మిగతా ముప్పై ఎనిమిది మందికి మూసిన తలుపు. కాస్త దూరం నుంచి చూసినవాళ్ళే బాగా రాస్తారు, ప్రాణస్నేహితులు సమాచారం ఇస్తే చాలు. ఎవరితోనైనా మాటలు లేని పరిస్థితి ఉంటే ఆ పేరును నిస్సంకోచంగా మార్చుకోండి. పాత కక్ష ఎంత దాచినా విశేషణాల్లో బయటపడుతుంది.

అందరికీ విషయం చెప్పి, తమ గురించి రాయవద్దనే వాళ్ళ మాటను మన్నించండి. అలాంటివారికి పేరు, వాళ్ళే ఇచ్చిన ఒక వాక్యం సరిపోతాయి.

రెండో మెట్టు: చూడడం, అడగడం

నిజానికి ఈ పనిలో సగానికి పైగా ఇక్కడే ఉంది. ఒక చిన్న నోటుపుస్తకం తీసుకుని, ఒక్కో పేరుకు ఒక్కో పేజీ కేటాయించి, రెండు వారాల పాటు కంటబడినవి అందులో రాసుకోండి. అభిప్రాయాలు వద్దు, చేతలు మాత్రమే రాయండి. "ఓపిక ఎక్కువ" అనేది అభిప్రాయం; "చిక్కుపడ్డ ఇయర్‌ఫోన్ తీగను ఎవరు ఇచ్చినా లాగకుండా విప్పి ఇస్తాడు" అనేది చేత. పెన్ను ఎలా పట్టుకుంటారు, నవ్వు ఆపుకోవలసి వచ్చినప్పుడు ఎటు చూస్తారు, తప్పు జవాబు చెప్పాక ముఖంలో ఏం మారుతుంది, బోర్డు తుడిచేటప్పుడు ఏ మూల వదిలేస్తారు, ఇలాంటివి చూడండి. రోజూ కనిపిస్తాయి కాబట్టే ఇవి మన కంటికి ఆనవు.

ప్రతి పేరుకూ కనీసం ముగ్గురిని అడగండి. "వాడు ఎలాంటివాడు?" అని అడిగితే "చాలా మంచోడు" అనే జవాబే వస్తుంది, తప్పు ప్రశ్నది. దానికి బదులు "వాడు రాని రోజు తరగతిలో ఏం తేడా కనిపిస్తుంది?" అని అడిగి చూడండి. నాకు తెలిసినంతలో ఇంతకు మించిన ప్రశ్న లేదు. ఒకసారి ఒకబ్బాయి గురించి ఈ ప్రశ్న వేస్తే, "వాడు రాని రోజు మాస్టారు గడియారం వైపు చూసుకుంటారు" అని జవాబు వచ్చింది. పీరియడ్ ఇంకెంత సేపుందో ఆయన రోజూ అడిగేది అతడినేనట. "చేతిలో ఎప్పుడూ ఏముంటుంది?", "వాడి నుంచి నువ్వు అరువు తెచ్చుకున్నది ఏమిటి?" వంటి ప్రశ్నలు కూడా పనికొస్తాయి. ముగ్గురిలో ఇద్దరు అడగకుండానే ఒకే సంగతి చెబితే, మీ చిత్రానికి నడుమ నిలవవలసింది అదే.

మాట్లాడని పిల్లల విషయంలో ఈ ముగ్గురూ దొరకరు. అప్పుడు రచయిత తానే చూడాలి. నలభై రెండు మందిలో ఒకమ్మాయి గురించి నేను "మితభాషి" అనే ఒక్క మాటతో సరిపెట్టాను. ఆ తప్పు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఇప్పుడైతే ఇలా రాసేవాడిని:

"గంట కొట్టగానే అందరూ గుమ్మం వైపు పరుగెత్తే వేళ, తను కిటికీ తలుపులు ఒక్కొక్కటే మూస్తుంది. నాలుగో కిటికీకి గడియ పడదు కాబట్టి, మడిచిన కాగితం ముక్కను సందులో దోపి, తలుపును ఒకసారి వేలితో నొక్కి చూసి, ఆ తరవాతే సంచి భుజాన వేసుకుంటుంది. ఆ కాగితం ఎవరు పెడుతున్నారో మేం మూడేళ్ళు పట్టించుకోలేదు. తనకు జ్వరం వచ్చి బడికి రాని వారంలో, వాన జల్లు లోపలికి కొట్టి చివరి బెంచీ నానిపోయినప్పుడు మాత్రమే తెలిసింది."

ఇందులో "బాధ్యత గల", "నిశ్శబ్ద", "మంచి" అనే మాటలేవీ లేవు. అవి చదివేవాళ్ళ మనసులో వాటంతటవే పుడతాయి. తనకు తానుగా పుట్టిన అభిప్రాయాన్ని పాఠకుడు నమ్మినట్టుగా, మనం అందించిన దాన్ని నమ్మడు.

మూడో మెట్టు: ఒక్క గీతను ఎంచుకోవడం

నోటుపుస్తకంలో ఒక్కో పేరు కింద ఆరేడు సంగతులు చేరాక, అన్నిటినీ ఇరికించాలన్న కోరిక కలుగుతుంది. అది వద్దు. ఒక్కటి ఎంచుకుని దగ్గరగా చూపించి, అవసరమైతే రెండో దాన్ని ఒక్క వాక్యంలో తాకి వదిలేయండి. 1806లో అమెరికాలోని యేల్ కళాశాల పట్టభద్రుల కోసం తయారైన పుస్తకంలో ఫొటోలు లేవు, ఎందుకంటే ఫొటోగ్రఫీని లోకానికి ప్రకటించిందే 1839లో. దానికి బదులు పక్కనుంచి చూసిన ముఖాల నీడబొమ్మలు ఉన్నాయి. కళ్ళు, రంగు, నవ్వు ఏవీ లేకుండా, నుదుటి నుంచి గడ్డం దాకా సాగే ఒక్క అంచును పట్టుకుని ఎవరి ముఖమో పోల్చుకోవాలి. మన పేజీ కూడా అలాంటి నీడబొమ్మే.

ఏ సంగతి ఎంచుకోవాలో తేలకపోతే, ఇతరులకు వర్తించేవాటిని కొట్టేస్తూ పోండి. ఆలస్యంగా వచ్చేవాళ్ళు తరగతిలో ఎనిమిది మంది ఉంటారు. ఆలస్యంగా వచ్చి, గుమ్మం దగ్గర ఆగి, ముందు బోర్డు మీదిది చదివేసి, ఆ తరవాతే లోపలికి రావచ్చా అని అడిగేవాడు ఒక్కడే ఉంటాడు.

మార్కులు, ర్యాంకులు, పతకాలు ఈ పేజీలో అక్కర్లేదు. అవి వేరే కాగితాల్లో భద్రంగా ఉంటాయి.

నాలుగో మెట్టు: రాయడం

ఒక్కో చిత్రానికి అరవై నుంచి నూట ఇరవై పదాలు చాలు. అందరికీ దాదాపు ఒకే నిడివి ఉండాలి, లేకపోతే పుస్తకం అందిన మొదటి అయిదు నిమిషాల్లో ఎవరికి ఎన్ని వాక్యాలొచ్చాయో లెక్కలు మొదలవుతాయి. పేరుతోనో, "పరిచయం అక్కర్లేని" అనే మాటతోనో కాకుండా, నేరుగా ఒక చేతతో మొదలుపెట్టండి.

తెలుగులో రాసేవాళ్ళకు ఇక్కడ సర్వనామం దగ్గర ఒక చిక్కు ఎదురవుతుంది. నోటితో "వాడు", "అది" అనుకునే చనువు అచ్చులోకి వస్తే మొరటుగా తోస్తుంది. "ఆయన", "ఆవిడ" అంటే పదవీ విరమణ సన్మానపత్రం అయిపోతుంది. "అతడు", "ఆమె" నిలకడగా ఉంటాయి గానీ కాస్త దూరం పెడతాయి. నా మటుకు "తను" చక్కగా కుదురుతుంది, అబ్బాయికీ అమ్మాయికీ సరిపోవడమే కాక చనువునూ మర్యాదనూ రెంటినీ కాస్తుంది. ఉత్తరంలా "నువ్వు" అని రాయడం కూడా అందమే, కానీ అందరికీ అలాగే రాయాలి. ఏది ఎంచుకున్నా పుస్తకమంతా ఒక్కటే ఉండాలి. అబ్బాయిలను "వాడు" అనీ, అమ్మాయిలను "ఆమె" అనీ రాస్తే చనువు ఒకవైపే ఒలికినట్టుంటుంది.

క్రియల కాలం ఇంతకంటే ముఖ్యం. "చివరి బెంచీలో కూర్చునేవాడు, పాడేవాడు, నవ్వించేవాడు" అని వరసగా రాసి పైకి చదివి చూడండి. సంతాప సభ గుర్తొస్తుంది. బడి ముగుస్తోంది గానీ మనిషి ముగియలేదు, అందుకే "కూర్చుంటాడు, పాడతాడు" అనే రాయాలి. జరిగిపోయిన ఒక సంఘటనకు మాత్రం భూతకాలం వాడండి. చదువు మధ్యలో కన్నుమూసిన సహాధ్యాయి ఎవరైనా ఉంటే, కుటుంబాన్ని ముందుగా అడిగి, వాళ్ళు ఒప్పుకున్నాక, ఆ ఒక్క పేజీలో "ఉండేవాడు" అని రాయండి. ఆ పేజీని పుస్తకం చివరకు నెట్టకుండా, హాజరు పట్టీలో అతడి పేరు ఎక్కడుందో అక్కడే ఉంచండి.

ఊతపదం ఒకటి దొరికితే అది అన్నది అన్నట్టుగా రాయాలి. "అంటే ఏంటంటే" అని ప్రతి వాక్యం మొదలుపెట్టేవాడి మాటను సరిదిద్ది గ్రాంథికం చేస్తే, వాడి గొంతే పోతుంది. యాసకూ ఇదే వర్తిస్తుంది. అయితే వెక్కిరింపు వాసన తగలకుండా, ఒక్కసారి మాత్రమే వాడండి.

ఇప్పుడు ఒక పేజీని తిరగరాసి చూద్దాం. మొదటి ప్రతి ఇలా ఉందనుకోండి: "చాలా తెలివైనవాడు, లెక్కల్లో మొనగాడు. అందరికీ సాయం చేస్తాడు. భవిష్యత్తులో గొప్ప ఇంజనీరు కావాలని కోరుకుంటున్నాం." బొటనవేలి పరీక్షలో ఇది నిలవదు. ముగ్గురిని అడిగాక రెండో ప్రతి ఇలా వచ్చింది:

"లెక్క అర్థం కాలేదని వెళ్తే తను ముందు మన పుస్తకం మూసేస్తాడు. 'లెక్కలో ఏం అడిగారో నీ మాటల్లో చెప్పు' అంటాడు. మనం తడబడుతూ చెబుతుంటే తను పెన్సిలు చెక్కుకుంటూ ఉంటాడు. సగం చెప్పేసరికి దారి మనకే కనిపిస్తుంది; మనం ఆగిపోతాం; తను తలెత్తడు. పరీక్షకు ముందు రోజు చుట్టూ చేరిన ఏడుగురిలో ఏ ఒక్కరికీ తను ఒక్క లెక్క కూడా చేసి పెట్టలేదు."

చివరి వాక్యం పైకి నిందలా ఉండి లోపల మెచ్చుకోలు దాచుకుంది. నిందాస్తుతి అని మన పెద్దలు పేరు పెట్టిన ఈ పద్ధతి, పదిహేడేళ్ళ వయసువాళ్ళు ఒకరినొకరు ఇష్టపడే తీరుకు సరిగ్గా అతుకుతుంది. మొదటి ప్రతిలోని జోస్యం ఎందుకు పోయిందంటే, ఆ అబ్బాయి ఇంజనీరు కాకపోతే పదేళ్ళ తరవాత ఆ వాక్యం అతడిని చూసి నవ్వుతుంది.

అయిదో మెట్టు: ఆటపట్టించడంలో హద్దు

ఆటపట్టించని చిత్రం చప్పగా ఉంటుంది, హద్దు దాటినది జీవితాంతం గుచ్చుకుంటుంది. ఈ హద్దును కనిపెట్టడానికి ఒక ఉపాయం ఉంది: ఆ హాస్యాన్ని ఆ మనిషి తన మీద తానే ఎప్పుడైనా వేసుకున్నాడా? వేసుకుని ఉంటే వాడుకోవచ్చు. ఎదుటివాళ్ళే వేస్తూ, తను ఊరికే నవ్వి ఊరుకుంటూ వచ్చినదైతే, ఆ నవ్వును అంగీకారంగా తీసుకోకండి. మారుపేర్లకూ ఇదే పరీక్ష. ఒంటి తీరు, రంగు, నత్తి, కులమతాలు, ఇంటి ఆర్థిక స్థితి, తప్పిన పరీక్షలు, ఎవరి పేరుతో ఎవరి పేరు కలిపి గోడల మీద రాశారన్నవి వద్దే వద్దు. చివరిది రాయాలని అందరికీ చేతులు దురదపెడతాయి, తెలుసు. ఈ పుస్తకాన్ని ఇంట్లో పెద్దవాళ్ళు కూడా చదువుతారనీ, కొన్నేళ్ళకు అది ఇంకెవరి చేతిలోనైనా పడవచ్చుననీ గుర్తుంచుకుంటే దురద తగ్గుతుంది.

సందేహంగా ఉన్నప్పుడు ఆటపట్టించే వాక్యాన్ని చివర ఉంచకండి. చివరి వాక్యమే చదివినవాళ్ళ వెంట ఇంటిదాకా వెళ్తుంది.

ఆరో మెట్టు: పరీక్ష, చూపించడం, అచ్చు

ప్రతులన్నీ సిద్ధమయ్యాక పేర్లు తీసేసి, వరస కలిపేసి, రచనలో పాల్గొనని ఒకరిద్దరు సహాధ్యాయులకు ఇవ్వండి. గుర్తుపట్టలేని పేజీలను తిరిగి రెండో మెట్టుకు పంపండి. మొదటి విడతలో మూడో వంతు వెనక్కి వచ్చినా కంగారు పడనక్కర్లేదు. అదే చదువులో మళ్ళీ మళ్ళీ వచ్చే మాటలను కూడా పట్టుకోండి, "చిరునవ్వు" మూడు కంటే ఎక్కువ పేజీల్లో కనిపిస్తే కత్తెర వేయండి.

ఆ తరవాత ఎవరి పేజీ వాళ్ళకు చూపించండి. ఆశ్చర్యం పోతుందని చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. నేను ఒప్పుకోను, ఎవరి పేజీ వాళ్ళు ముందే చూసినా, మిగతా నలభై పేజీల ఆశ్చర్యం అలాగే ఉంటుంది. ఒక వాక్యం తీసేయమని అడిగితే కారణం అడగకుండా తీసేయండి. పొగడ్త చేర్చమని అడిగితే మాత్రం నవ్వి ఊరుకోండి.

అచ్చు విషయాలు క్లుప్తంగా చెబుతాను. పేరు, ఇంటిపేరు, వత్తులు, శ-ష-స భేదాలు ఎవరివి వాళ్ళచేతే సరిచూయించి సంతకం తీసుకోండి. తన పేరే తప్పుగా పడ్డ పేజీలో తక్కినది ఎంత బాగున్నా ఎవరూ క్షమించరు. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లోకి మార్చేటప్పుడు తెలుగు ఒత్తులు విడిపోవడం తరచూ జరుగుతుంది కాబట్టి, తెర మీద చూసి వదలకుండా కాగితం మీద ప్రూఫు తీసి చదవాలి. ఫొటోలు అచ్చయ్యే కొలతలో అంగుళానికి 300 చుక్కలకు తగ్గకూడదు. మధ్యలో పిన్నులు కొట్టే పుస్తకమైతే మొత్తం పేజీలు 4 గుణిజంలో ఉండాలి. మిగిలిన పేజీలను ఖాళీగా వదిలేస్తే సంతకాలకు పనికొస్తాయి. ప్రతి చిత్రం కింద కూడా నాలుగు వేళ్ళ మందం చోటు వదలండి, పంచిన రోజున అందరూ పెన్నులు పట్టుకుని వరసగా వచ్చేది ఆ చోటు కోసమే.

ఇక సంపాదకుల పేజీలు మిగిలాయి. మీ గురించి మీరు రాసుకోకండి, మీ తోటి సంపాదకుల చేత కూడా రాయించకండి, వాళ్ళు మొహమాటపడతారు. ఇన్ని వారాలుగా మిమ్మల్ని చూస్తూ, ఏమీ అనకుండా ఊరుకున్న ఒక సహాధ్యాయికి మీ నోటుపుస్తకంలోని చివరి ఖాళీ పేజీ ఇచ్చి, రాసేదాకా ఆ గదిలోంచి బయటికి వెళ్ళిపోండి.